తోడు వేసిన సీసాలు

నమోదు 1

డాక్టరమ్మ ఈ పుస్తకం నా చేతిలో పెట్టి, సీసాల గదిలో ఏ రోజుకారోజు జరిగింది రాయమంది. పదకొండేళ్లుగా ఈ గదిని ఒంటిచేత్తో నడుపుతున్నాను. చేపల పడవ దిగి నాలుగు రోజులు కాని పిల్ల ఇప్పుడు నాకు పని చెబుతోంది. పేరు కౌముది. ఆరు నెలలుంటుందట. వెంట ఒక యంత్రం కూడా తెచ్చుకుంది, పెట్టె ఇంకా విప్పలేదు. "జరిగిందంతా రాయండి తాయారు గారూ, చిన్నదైనా సరే" అంది. అలాగే కానీ.

నా పేరు మంగతాయారు. ఊరు మిట్టపాలెం. కింది ఊళ్లను సముద్రం మింగేశాక కొండెక్కిన వాళ్లం. పాత ఫ్యాక్టరీల విషమేదో మాతోపాటే ఎక్కినట్టుంది, నాలుగిళ్లకొక గడ్డ తేలుతుంది. మందు మూడు నెలలకోసారి పడవలో వస్తుంది, అదీ వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మోతాదులు. అందుకే మాకు తిండే మందు.

గడ్డ ఉన్న ప్రతి మనిషికీ నా గదిలో ఒక సీసా ఉంటుంది. వాళ్ల గడ్డలోంచి చిటికెడు ముక్క తీసి అందులో వేస్తే, ఆ కణాలు అక్కడ బతుకుతాయి. వాటిని ఐదు గిన్నెల్లోకి పంచి నువ్వుల నూనె, వేరుశనగ నూనె, కొబ్బరి నూనె, అవిసె నూనె, నాచు నూనె గిన్నెకొక చుక్క చొప్పున వేస్తాను. వారం తర్వాత మైక్రోస్కోప్ కింద లెక్కపెడతాను. ఏ నూనె తిని కణాలు బలిశాయో ఆ నూనె ఆ మనిషికి బంద్. ఏ నూనెకి మందగించాయో అదొక్కటే కంచంలోకి వెళ్తుంది. ఇళ్లలో పొయ్యిలు లేవు కాబట్టి అందరి కంచమూ వంటశాల నుంచే రావాలి. వంటశాల వాళ్లు నా చీటీ దాటరు.

ఇవాళ నలభై ఒక్క సీసాలకీ మేత పెట్టాను. అన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి. గడ్డ గురించి ఆరోగ్యం అనొచ్చో లేదో డాక్టరమ్మే దిద్దుకోవాలి.

నమోదు 3

నలభై ఒక్క సీసాల్లో ఇరవై తొమ్మిదోది మా సుభద్రది. మా ఆయన చెల్లెలు. ఆయన పోయి పన్నెండేళ్లయింది, ఆడపడుచు మాత్రం మిగిలింది. ఒకే గదిలో ఉంటాం, రోజుకి రెండుసార్లు పోట్లాడుకుంటాం. మూడేళ్ల కిందట దానికి కడుపులో గడ్డ తేలింది. సీసా ఏం చెప్పిందంటే, నువ్వుల నూనె అయితే గడ్డకి పండగ, నాచు నూనె అయితే పస్తు. మిగిలిన నలభై సీసాలదీ అదే మాట.

దాంతో సుభద్ర కంచంలోకి రోజుకి మూడు చెంచాల నాచు నూనె తప్ప ఇంకో నూనెబొట్టు రాదు. తాలింపు లేదు, వేపుడు లేదు, పచ్చడి లేదు. ఒకప్పుడు వేడన్నంలో నువ్వుల నూనె పోసుకుని కారప్పొడి కలుపుకుంటే మూడో వాయికి గాని ఆగని మనిషి.

"వదినా, నీ నాచు నూనె వాసనకి కప్పలు కూడా కంచంలోంచి దూకి పారిపోతాయే" అంది ఇవాళ.

"పారిపోనీ. నువ్వు మాత్రం తిను."

"తింటాన్లే. తినకపోతే చీటీ రాసి నా నోటికి అంటించేస్తావు."

సగం తిని కంచం పక్కన పెట్టింది. నేను సతాయించి ఇంకో నాలుగు ముద్దలు తినిపించాను.

నమోదు 8

నెలవారీ తూకం. సుభద్ర నలభై మూడు కిలోలు. గడ్డ తేలిన రోజున అరవై ఒకటి. డాక్టరమ్మ ఆ రెండంకెల కింద గీత గీసి నా వైపు చూసింది.

ఈసారి పడవలో వచ్చే మందులో ఒక మోతాదు సుభద్ర పేరు మీద రాసి ఉంది. మూడేళ్లుగా వరసలో నిలబడితే ఇప్పటికి వచ్చింది. కానీ ఆ మందు మహా చెడ్డది. నలభై కిలోల కంటే తగ్గిన మనిషి దాన్ని తట్టుకోలేదు కాబట్టి పడవ వాళ్లు ఇవ్వరు. పడవకి ఇంకా ముప్పై తొమ్మిది రోజులు ఉంది.

"కొంచెం కొవ్వు పెంచితే నిలబడుతుందండీ. ఇంకో నూనె ఏదైనా ఇచ్చి చూద్దామా?" అంది డాక్టరమ్మ.

"గడ్డకి మేత పెడదామంటారా?" అన్నాను. ఆ పిల్ల తూకం పుస్తకం మూసేసింది. నాకు లోపల గర్వంగానే అనిపించింది, ఒప్పుకుంటున్నాను.

నమోదు 9

వంటశాలలో సుభద్ర కంచానికి గంజి పెంచమన్నాను, బెల్లం వేయమన్నాను. గంజి తాగింది. బెల్లం వికారంగా ఉందని పక్కింటి పిల్లలకి పెట్టేసింది.

ఊళ్లో ప్రతి ఇంటికీ దేవుడి దీపానికని నెలకో గిద్దెడు నువ్వుల నూనె ఇస్తారు. పొద్దున సుభద్ర దీపం వెలిగించి, చేతికి అంటిన నూనెని గుడ్డతో తుడిచింది. తుడిచే ముందు ఒకసారి వాసన చూసుకుంది. నేను చూస్తున్నానని తెలిసి, "చూడ్డం కూడా తప్పేనా?" అంది. తప్పు కాదన్నాను.

నమోదు 15

ఈ రోజు జరిగింది పూర్తిగా రాయాలి.

దర్జీ కన్నయ్య భార్య నాగరత్తమ్మకి రొమ్ములో గడ్డ తేలింది. కొత్త సీసా పెడుతుంటే డాక్టరమ్మ పక్కన నిలబడింది. ముక్క వేశాను, పోషక నీరు పోశాను. తర్వాత ఏడో నంబరు సీసా దించి, అందులోంచి ఒక చుక్క తీసి కొత్తదాంట్లో వేయబోయాను. ఆ పిల్ల నా మణికట్టు పట్టుకుంది.

"ఏం చేస్తున్నారండీ?"

"తోడు వేస్తున్నానమ్మా."

మొదటి రెండేళ్లూ పది ముక్కలు పెడితే ఎనిమిది చచ్చేవి. ఈ గదిలోకి రాకముందు నేను వంటశాలలో పెరుగు పని చూసేదాన్ని. పాలు వాటంతటవి తోడుకోవు కదా, నిన్నటి పెరుగు ఒక చుక్క పడాలి. అదే ఇక్కడా చేసి చూశాను. బాగా పెరిగే సీసాలోని చుక్క వేస్తే కొత్త సీసా మూడు రోజుల్లో అందుకుంది. అప్పట్నుంచి ఒక్కటి కూడా చావలేదు. మందు పంపే ఆసుపత్రి ఓడకి పిలిచి నాకు శాలువా కప్పారు. మిగతా మిట్టల వాళ్లు వచ్చి నేర్చుకుని వెళ్లారు. ఇదంతా ఆ పిల్లకి చెప్పాను, శాలువా సంగతితో సహా.

"ఆ చుక్కలోంచి పాత కణాలు పోయేలా వడకట్టారా?" అంది.

"తోడుని ఎవరైనా వడకడతారా?" అన్నాను.

వెంటనే వెళ్లి యంత్రం పెట్టె విప్పడం మొదలుపెట్టింది. తాడు ముడి విప్పకుండా కోసేసింది. ఈ కాలం పిల్లలకి ప్రతిదానికీ కంగారే అనుకున్నాను.

నమోదు 18

ఆ యంత్రం కణాన్ని చూసి అది ఏ మనిషిదో గుర్తు పడుతుందట. మగా ఆడా కూడా చెబుతుంది. మొదట బంగారయ్య సీసా పెట్టింది. ఊళ్లో అంతటి మీసం ఇంకొకరికి లేదు. యంత్రం "ఆడ" అంది.

నేను పగలబడి నవ్వాను. "ఈ మాట బంగారయ్య చెవిన పడితే మీ యంత్రాన్ని సముద్రంలో కలిపేస్తాడు" అన్నాను.

డాక్టరమ్మ నవ్వలేదు. ఇంకో మగమనిషి సీసా పెట్టింది. ఆడ. ఇంకొకటి. ఆడ. పదహారు మంది మగవాళ్ల సీసాలు వరసగా పెట్టింది. ఐదోదానికే నాకు నవ్వు ఆగిపోయింది. పదో సీసా దగ్గర కూర్చుండిపోయాను.

నమోదు 20

నలభై ఒక్క సీసాల్లోనూ ఒకటే మనిషి ఉంది. పేరు సూరమ్మ. నేను పెట్టిన మొదటి సీసా ఆమెదే. మనిషి పోయి పదేళ్లయింది. ఆమె కణాలు అన్నిటికంటే చురుగ్గా పెరిగేవి, అందుకే మొదటి తోడు వాటినుంచే తీశాను. వెళ్లిన ప్రతి సీసాలోనూ అవి అక్కడి కణాలను తినేసి తామే నిండిపోయాయి. డాక్టరమ్మ చెప్పిందాన్నిబట్టి, తొమ్మిదేళ్లుగా ఈ ఊళ్లో గడ్డ ఉన్నవాళ్లందరూ చనిపోయిన ఒక మనిషి పథ్యం చేస్తున్నారు.

అన్ని సీసాలూ ఒకే మాట చెబుతున్నాయంటే అంతకంటే రుజువేం కావాలని సభలో అడిగిందాన్ని నేనే. ఆ మాట మీదే ఊరు నువ్వు చేలు దున్నేసి నాచు తొట్లు కట్టింది.

ఊరి పెద్ద గంగరాజు గారి దగ్గరికి వెళ్లాం. అంతా విని లేచి తలుపు వేశారు. "పడవ వచ్చి వెళ్లేదాకా ఎవరూ నోరు మెదపకండి. మన సీసాలు అబద్ధమని తెలిస్తే మన మోతాదులు పట్టుకెళ్లి ఇంకో మిట్టకి ఇచ్చేత్తారు. నాలుగు మోతాదులు, నలుగురు మనుషులు. మీ సుభద్ర కూడా అందులో ఉంది కదమ్మా తాయారూ" అన్నారు.

నేను తల ఊపాను. సిగ్గు లేకుండా ఊపాను.

నమోదు 22

సుభద్ర గడ్డలోంచి డాక్టరమ్మ కొత్త ముక్క తీసింది. తోడు లేకుండా పెట్టాం. తగులుకుంటుందో లేదో తెలియదు.

"మళ్లీ ఎందుకొదినా గుచ్చారు?" అంది సుభద్ర, పొట్ట పట్టుకుని.

"పాతది పాడైపోయింది" అన్నాను.

"అయ్యో, మూడేళ్లు సాకావు కదే దాన్ని" అంది. నా మీద జాలి పడుతోంది, నిజంగానే. ఒంట్లో ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు, అది నా సీసా కోసం బాధపడుతోంది.

బయటికొచ్చి డాక్టరమ్మని అడిగాను, నువ్వుల నూనె ఇప్పుడే ఇచ్చేయనా అని. "ఆమె సొంత కణాలకి ఏది మంచో ఏది చెడో నాకింకా తెలీదండీ. తెలీకుండా తెలుసని చెప్పలేను. మీ ఇష్టం" అంది. రుజువు లేకుండా చీటీ మార్చకూడదన్న నిబంధన రాసింది నేనే. ఆగుదామనుకున్నాను. ఈ పుస్తకంలో నా తప్పులు వెతికేవాళ్లు తోడు దగ్గరే ఆగిపోకూడదు, దీన్ని కూడా లెక్కవేయాలి.

నమోదు 33

సుభద్ర నలభై కిలోల వంద గ్రాములు. కొత్త సీసా మెల్లగా పెరుగుతోంది. ఇంతటి నిదానం నేనెప్పుడూ చూడలేదు. సొంత కణాలంటే ఇలా ఉంటాయని పదకొండేళ్లకి తెలిసింది.

నమోదు 41

ఐదు గిన్నెలూ లెక్కపెట్టాను. డాక్టరమ్మ కూడా లెక్కపెట్టింది. ఇద్దరం చోట్లు మార్చుకుని మళ్లీ లెక్కపెట్టాం.

నువ్వుల నూనె వేసినా, కొబ్బరి నూనె వేసినా, నాచు నూనె వేసినా, ఏ నూనె వేసినా సుభద్ర కణాలకి ఒక్కటే. ఎక్కువా లేదు, తక్కువా లేదు. దాని గడ్డ నూనెల సంగతే పట్టించుకోవడం లేదు. మూడేళ్లపాటు దేనికోసం సుభద్ర నోరు కట్టేశానో దాని వల్ల మంచీ జరగలేదు, చెడూ జరగలేదు. తగ్గిపోయిన ఇరవై రెండు కిలోలు మాత్రం జరిగాయి. ఇవాళ తూకం ముప్పై ఎనిమిదిన్నర.

"నూనె పని చేసేవాళ్లు కూడా ఉంటారండీ. ఒక్కొక్కరి గడ్డ ఒక్కోలా ఉంటుంది. మీరు చేసిన పని తప్పు కాదు, ఎవరి సీసా వాళ్లదై ఉంటే" అంది డాక్టరమ్మ.

ఓదార్చాలనే అంది పాపం. చెంప మీద కొట్టినా ఇంతకంటే హాయిగా ఉండేది.

గంగరాజు గారి మాట ఇంక నాకు పట్టదు. రేపు సభ పెట్టమన్నాను. పెట్టకపోతే వంటశాల గంట నేనే కొడతానన్నాను.

నమోదు 42

వంటశాల హాల్లో సభ. సీసాలవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు అందరూ వచ్చారు. సుభద్ర లేవలేక ఇంట్లోనే ఉంది. నేను నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. తోడు సంగతి, సూరమ్మ సంగతి, తొమ్మిదేళ్ల సంగతి. రాళ్లు పడతాయనుకున్నాను. పడాలనే కోరుకున్నాను.

ఎవరూ అరవలేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కొందరు తలలు దించుకున్నారు. వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. నాకర్థం కాలేదు.

చివరికి బంగారయ్య లేచాడు. "తాయారమ్మా, నువ్వేమీ బాధపడకు. మేవేవన్నా ఆ నాచు నూనె తిన్నామా ఏంటి? పందుల తొట్టిలో పోసేసేవోళ్లం."

"మరి ఏం తిన్నారు?" అన్నాను.

"దీపం నూనె" అంది అతని భార్య. "గిద్దెడు ఏం సరిపోద్దని, కొండెనకాల చిన్న నువ్వు చేను కూడా ఏశాం. ఊరంతా కలిసే ఏశాం. నీకు చెబితే ఊరుకోవు కదా."

దేవుళ్లు తొమ్మిదేళ్లుగా చీకట్లో కూర్చున్నారన్నమాట. ఒక్కొక్కరే ఒప్పుకున్నారు. ఒకరు కొబ్బరి దాచారు, ఒకరు వేరుశనగపప్పు దాచారు. నాగరత్తమ్మ సీసా ఇంకా నిండనే లేదు, అప్పుడే చేనులో వాటా అడిగిందట. ఆమె కాక నలభై మంది. లెక్క నేనే కూడుకున్నాను, తెలివైనదాన్ని కదా. నలభై మంది నా చీటీని వినయంగా తీసుకుని, ఇంటికెళ్లి వాళ్లకిష్టమైంది తిన్నారు. బంగారయ్య తొంభై కిలోలున్నాడు. అతన్ని చూసి నాచు నూనె మహిమ అని ఓడ వాళ్లకి ఉత్తరం రాశాను నేను.

గంగరాజు గారు గొంతు సవరించుకున్నారు. "అయితే ఎవరికీ నష్టం లేనట్టే కదా" అన్నారు.

నలభై ఒకటో మనిషి మా ఇంట్లో ఉందని ఆయనకి గుర్తు చేయాల్సి వచ్చింది. బంగారయ్య భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నమోదు 43

సుభద్రకి అంతా చెప్పాను. అబద్ధం ఆడిన రోజుతో సహా. గోడకి ఆనుకుని కూర్చుని వింది.

"చేను సంగతి నాకు తెలుసొదినా" అంది. "మొదటి ఏడే నన్ను కూడా రమ్మన్నారు."

"మరి ఎందుకు వెళ్లలేదే? దీపం నూనె నీ చేతిలోనే ఉంది. ఒక్క చెంచా వేసుకుంటే నిన్ను చూసేవాళ్లెవరు?"

"ఎవరున్నారు, నువ్వే" అంది. "అందరూ తింటారని తెలుసు. వాళ్లంటే పరాయోళ్లు. నీ ఆడపడుచు కూడా నీ చీటీ పారేసిందంటే నీ మాటకి విలువేముంటుందే? అన్నయ్య పోయినాక నీకు ఆ గది తప్ప ఇంకేముందని?"

నేను అరిచాను. పిచ్చిదానా అని, బుద్ధి లేనిదానా అని, నోటికొచ్చినవన్నీ అన్నాను. అది చిన్నగా నవ్వి, "ఇవాళ్టికి రెండో పోట్లాట అయిపోయింది, ఇంక ఊరుకో" అంది.

అన్నంలో నువ్వుల నూనె పోసి కలిపి పెట్టాను. రెండు ముద్దలు తింది. మూడోది తినలేకపోయింది. మూడేళ్లు నూనె ఎరగని కడుపు, అంతా కక్కేసింది.

నమోదు 47

పడవ వచ్చింది. తూకం ముప్పై ఎనిమిది. పడవ డాక్టర్ మంచివాడే. నా మొహం చూడకుండా మాట్లాడాడు. "ఇస్తే ఇవాళే చంపినట్టవుతుందమ్మా. వచ్చే పడవకి నలభై చేసి తీసుకురండి" అన్నాడు. సుభద్ర మోతాదు వరసలో తర్వాతి పేరుకి వెళ్లింది. బంగారయ్యకి.

అతను వద్దన్నాడు. ఏడ్చాడు కూడా. మందు వెనక్కి వెళ్తే ఇంకెవరికీ రాదని నేనే కోప్పడి ఎక్కించాను.

నమోదు 48 నుంచి 70

రోజూ పెట్టాను. చారెడు, గుప్పెడు, చెంచాడు. నువ్వుల నూనె, నెయ్యి, కొబ్బరిపాలు, ఊళ్లో వాళ్లు దాచుకున్నవన్నీ మా గుమ్మంలోకి తెచ్చి పెట్టారు. గదిలో ఇంత తిండి ఎప్పుడూ లేదు. ఒకరోజు అరకిలో పెరిగింది. తర్వాత పెరగలేదు.

నమోదు 71

సుభద్ర పోయింది. పొద్దున ఏడు దాటాక. నేను పక్కనే ఉన్నాను.

నమోదు 76

డాక్టరమ్మ ఇంటికి వచ్చింది. ఒక మాట అడిగింది. సూరమ్మ సీసాలన్నీ పారేశాం, నలభై మందికీ కొత్తగా ముక్కలు తీయాలి, మిగతా మిట్టలకీ కబురు వెళ్లింది. కొత్త పద్ధతి సరిగ్గా నడుస్తోందో లేదో పోల్చుకోవడానికి, పూర్తిగా నమ్మదగిన సీసా ఒక్కటైనా ఉండాలి. నాగరత్తమ్మ ముక్క తగులుకోలేదు, ఉన్నది సుభద్రది ఒక్కటే. మనిషి పోయినా అందులోని కణాలు బతికే ఉన్నాయి.

"మీరు కాదంటే పారేస్తానండీ. మీ మాటే" అంది.

దాన్ని గోడకేసి కొట్టాలని ఉంది. నా సుభద్రని తిన్నది అది. కానీ అది చస్తే నలభై మందికి నేను మళ్లీ గుడ్డిగా చీటీలు రాయాలి. ఉండనివ్వమన్నాను. మేత ఎవరో ఒకరిని పెట్టమంటానంది డాక్టరమ్మ. వద్దు, నేనే పెడతానన్నాను. దాని మీద నాకున్న కోపం ఇంకొకరికి అప్పజెప్పను.

నమోదు 77

పొద్దున ఎనిమిదికి గది తెరిచాను. సుభద్ర సీసాలో పోషక నీరు మార్చాను, నువ్వుల నూనె చుక్క వేశాను. మైక్రోస్కోప్ కింద చూశాను.

బాగా తింటోంది.